ఖాళీ పోస్టు – పిల్లలకు బాకీ

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్ళు ఫోన్ చేసి అడిగారు. పాత జ్ఞాపకాలతో పాటు మీకు పనికొచ్చే మాట ఒకటి చెప్పాలనిపించింది. మనల్ని చదివించే ఏర్పాటులో ఎవరి పని ఏమిటి అన్నదే ఆ మాట.

నేను 2001–02లో పదో తరగతి చదివాను. ఆ ఏడాది మా ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు బదిలీపై వెళ్ళిపోయారు. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. దసరా సెలవులు అయ్యాయి, సంక్రాంతి కూడా వెళ్ళింది. లెక్కల పీరియడ్‌లో సోషల్ మాస్టారు వచ్చి హాజరు వేసి, అల్లరి చేయకుండా చదువుకోమనేవారు. ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళ పిల్లలు ట్యూషన్‌లో చేరారు. కూలి చేసుకునే మా అమ్మానాన్నలు ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు?

మేము వెళ్ళి వార్డెన్ గారిని అడిగాం. "ఒరే అబ్బాయిలూ, మీ అన్నం, మీ దుప్పట్లు, మీ పుస్తకాలు నా చేతిలో ఉన్నాయి. మాస్టారి పోస్టు నా చేతిలో లేదురా" అన్నారాయన.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. మనం ఉండే హాస్టల్ సాంఘిక సంక్షేమ శాఖది. పొద్దున్నే నడిచి వెళ్ళే బడి జిల్లా పరిషత్తుది, దాని మీద అజమాయిషీ విద్యాశాఖది. రాత్రి ఒక శాఖ బిడ్డగా పడుకుని, పగలు ఇంకో శాఖ బిడ్డగా కూర్చుంటాం. గురుకుల పాఠశాలలో బస, బడి రెండూ ఒకే యాజమాన్యం కింద ఉంటాయి. మన హాస్టల్ పిల్లలకు ఆ వీలు లేదు.

ఇంకా పైకి వెళ్తే, విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది. టీచర్‌కు కనీస అర్హత ఏమిటో ఢిల్లీలోని జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చెబుతుంది. ఎన్ని పోస్టులు నింపాలో రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. డిఎస్సీ ద్వారా ఎంపిక జరుగుతుంది. ఏ బడికి ఎవరు వెళ్ళాలో జిల్లాలో కౌన్సెలింగ్ పెట్టి తేలుస్తారు. ఇన్ని మెట్లు సక్రమంగా దిగితేనే ఒక మనిషి చాక్‌పీస్ పట్టుకుని మన ముందు నిలబడతాడు. ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఆగిపోతే రికార్డులో 'ఖాళీ' అని పడుతుంది.

ఆ ఏడాది మమ్మల్ని ఆదుకున్నది మన హాస్టలే. వార్డెన్ గారు డిగ్రీ చదివే ఒక అన్నను జనవరిలో ట్యూటర్‌గా తెచ్చారు. ఆయన రాత్రి భోజనాలయ్యాక వరండాలో త్రికోణమితి, మాత్రికలు చెప్పేవారు. కరెంటు పోతే లాంతరు పెట్టుకునేవాళ్ళం. పదో తరగతి వాళ్ళం పద్దెనిమిది మందిమి. పదకొండు మందిమి పాసయ్యాం. తప్పిన ఏడుగురూ లెక్కల్లోనే తప్పారు. ఇద్దరు సప్లిమెంటరీలో గట్టెక్కారు. మిగిలిన ఐదుగురూ మళ్ళీ పుస్తకం పట్టలేదు. వాళ్ళు తెలివిలో నాకేమీ తీసిపోరు.

నేను డైట్‌లో శిక్షణ పొంది, 2008 డిఎస్సీలో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా ఎంపికయ్యాను. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. దాన్ని శ్రద్ధగా చదివాను. ప్రాథమిక పాఠశాలలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం మించకూడదు. జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప చదువుకు సంబంధం లేని పనులు టీచర్లకు చెప్పకూడదు. మంచి మాటలే. కానీ ఇద్దరు టీచర్లతో ఐదు తరగతులు నడపాలి. ఒకరు సెలవు పెడితే ఐదూ ఒక్కరి మీదే. పైగా ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకే వర్తిస్తుంది, అంటే ఎనిమిదో తరగతి దాకానే. పబ్లిక్ పరీక్ష రాసే పదో తరగతి దాని అవతలే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2018 డిఎస్సీ తరువాత మళ్ళీ పెద్ద ఎత్తున పోస్టులు నింపింది 2025 మెగా డిఎస్సీలో, 16,347 పోస్టులకు. 2018లో ఒకటో తరగతిలో చేరిన పాప అప్పటికి ఎనిమిదికి వచ్చేసింది. నోటిఫికేషన్ ఆలస్యమైతే నిరుద్యోగుల బాధ పేపర్లో వస్తుంది, రావాలి కూడా. బడిలో పిల్లలు పోగొట్టుకున్న ఏడాది మాత్రం ఏ పేపర్లోనూ రాదు.

తమ్ముళ్ళారా! మీ బడిలో సబ్జెక్టు టీచర్ లేకపోతే ఊరుకోకండి. ముందు ప్రధానోపాధ్యాయులకు, అక్కడి నుంచి మండల, జిల్లా విద్యాశాఖాధికారులకు అర్జీ ఇవ్వండి. మంజూరైన పోస్టులెన్ని, పనిచేస్తున్నవారెందరు అని 2005 సమాచార హక్కు చట్టం కింద పెద్దల చేత అడిగించండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. బడి యాజమాన్య కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. మన అమ్మానాన్నలు దూరపు ఊళ్ళలో పనుల్లో ఉంటారు కనుక ఆ మీటింగులో మన తరఫున అడిగేవారుండరు. మీ మాట అక్కడ చెప్పమని వార్డెన్ గారిని కోరండి. పోస్టు ఆయన చేతిలో లేకపోయినా నోరు ఉంది.

అడగడం అవిధేయత కాదు. ఖాళీగా ఉన్న ప్రతి పోస్టూ ప్రభుత్వం పిల్లలకు పడిన బాకీ. బాకీ అడిగేవాడు తల దించుకోనక్కరలేదు. మీలో రేపు టీచర్లయ్యేవారు, అధికారులయ్యేవారు ఉన్నారు. ఆ రోజు ఫైల్లో 'ఖాళీ' అన్న మాట కనబడితే, దాని వెనుక బెంచీల మీద కూర్చున్న పిల్లల్ని కూడా లెక్కపెట్టండి.

మీ అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– మీ హాస్టల్ పూర్వ విద్యార్థి, ఉపాధ్యాయుడు