దోర్నకల్లు బైబిలు బడి

మిర్యాలగూడ నుంచి కోదాడ మీదుగా గాని, సూర్యాపేట మీదుగా గాని ఖమ్మం చేరి రైలెక్కితే, కొద్దిసేపట్లో దోర్నకల్లు జంక్షను వస్తుంది. అక్కడి పెద్ద చర్చికి మసీదుకున్నట్టు గుమ్మటాలూ, గుడికున్నట్టు స్తంభాలూ ఉన్నాయి. 1939లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని కట్టించినవాడు బిషప్ అజరయ్య.

ఆయన తమిళుడు. 1909లో మతప్రచారానికి ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912లో, ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

దోర్నకల్లులో పాదిరీలను తయారుచేసే బైబిలు బడి ఉండేది. అందులో ఒక విశేషం: భర్తలతోపాటు భార్యలకూ చదువు చెప్పేవారు! చదువు ముగించిన దంపతులు, బడి మొహం ఎరుగని పేదల వాడలకు వెళ్ళేవారు. అటువంటి వాడల్లో ప్రార్థనతోపాటు అక్షరాలూ నేర్పవలసి వచ్చేది.

మరి బడి విడిచిన రోజున వారి చదువు ముగిసిందంటారా, మొదలయిందంటారా?