ఎడమ చేతికి రెండు ఉద్యోగాలు

ఊళ్లు తిరిగి పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే నాలాంటి గోపాలమిత్రకు తిండి పెట్టేది ఎడమ చెయ్యే. ఆవుకో గేదెకో ఎద సూది వేయాలంటే ఆ చేతికి భుజం దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకోవాలి. మలద్వారం గుండా లోపలికి పోనిచ్చి, పేగు గోడ మీదుగానే గర్భాశయ ముఖాన్ని పట్టుకోవాలి. కుడి చెయ్యి వీర్యం వదిలే గన్నును కిందినుంచి నెమ్మదిగా ఎక్కిస్తుంటే, దాని మొన ఎక్కడిదాకా వచ్చిందో ఎడమ చేతి వేళ్లే పసిగట్టాలి. గొడ్డు ముక్కిన ప్రతిసారీ పేగు బిగుసుకుని మణికట్టును నలిపేస్తుంది. పని ముగించి, చెయ్యి కడుక్కుని, బండెక్కితే క్లచ్ పట్టుకోవాల్సింది కూడా ఆ చెయ్యే. ఇన్నేళ్లుగా నా ఎడమ చేతికి ఈ రెండు ఉద్యోగాలూ ఉన్నాయి. నొప్పి ఏ ఉద్యోగం తెచ్చిందని అడిగితే విడదీసి చెప్పలేను. చూసిన డాక్టరు గారు కూడా విడదీయలేదు.

నేను తిరిగే పల్లెలు పొదిలికీ కొనకనమిట్లకూ అటూ ఇటూ ఉంటాయి. తారు రోడ్డు దిగితే గులకరాళ్లు, గుంతలు. వాన పడిందంటే నల్లరేగడి బురద. ఊళ్లోకి పోతే రోడ్డు మీద ఆరబోసిన కందులు, అడ్డం పడే గొర్రెల మంద, ఇంటింటి ముందూ ఎవరికి వారు పోసుకున్న స్పీడ్ బ్రేకరు. అక్కడ మొదటి గేరు, రెండో గేరు తప్ప మూడోదానికి పనుండదు. పెద్ద రోడ్డు మీద అరగంట పోయినా క్లచ్‌తో అంతగా అవసరం రాదు. ఊరి సందులో అయితే రెండు మలుపులు తిరిగేలోపే బొటనవేలి మొదలు పట్టేస్తుంది.

ఇంత నొప్పితో ఎందుకయ్యా తిరగడం, రేపు పోరాదా అని ఇంట్లోవాళ్లు అంటుంటారు. మా పనికి రేపు లేదు. పశువు ఎదకు వచ్చేది ఇరవై ఒక్క రోజులకోసారి. పొద్దున ఎద లక్షణాలు కనపడితే సాయంత్రం వేయాలి. సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున వేయాలి. ఆ పూట దాటితే మళ్లీ మూడు వారాలు ఆగాలి. ఆ మూడు వారాలూ పాలివ్వని గొడ్డుకు మేత, తవుడు కొని పెట్టాలి. రెండు గేదెల మీద బతికే ఇంట్లో ఆ ఖర్చు చిన్నది కాదు. ఫోన్లో "నాయనా, మన పడ్డ పొద్దుటినుంచి అరుస్తా ఉంది, తీగ కూడా వేసింది" అని ఒక పెద్దమ్మ చెబితే, చెయ్యి నొప్పిగా ఉందని ఆమెతో అనలేను.

నొప్పి మొదట రాత్రిపూట వచ్చింది. నిద్రలో చెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చేది. లేచి కూర్చుని విదిలిస్తే కాసేపటికి తగ్గేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కేవి. చిటికెన వేలు మాత్రం బాగానే ఉండేది. ఒంగోలులో చూపించుకుంటే డాక్టరు గారు ముందు ఆ చిటికెన వేలి గురించే అడిగారు. మణికట్టు దగ్గర ఒక సన్నటి సందు ఉంటుందట. వేళ్లను ముడిచే కండరాల తాళ్లతోపాటు ఒక నరం ఆ సందులోనుంచే వేళ్లకు పోతుందట. తాళ్ల చుట్టూ వాపొస్తే నరం నలిగిపోతుంది. చిటికెన వేలికి పోయేది వేరే నరం, వేరే దారి, అందుకే దానికి ఏమీ కాలేదు. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారని చెప్పి, నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష చేయించారు. షుగరు, థైరాయిడ్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని ఆ పరీక్షలూ రాశారు. బొటనవేలి మొదట్లో కీలు అరగడం దీనికి తోడైంది. ఆ నొప్పి వేరు, ఈ తిమ్మిరి వేరు.

నా వృత్తిలో నొప్పి కంటే తిమ్మిరే ప్రమాదం. నొప్పి ఉన్నా పని చేయొచ్చు, పళ్లు బిగబట్టి చేసేస్తాం. స్పర్శ పోతే మాత్రం గొడ్డు లోపల మా వేళ్లే మా కళ్లు గనుక చూపు పోయినట్టే. గర్భాశయ ముఖం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, గన్ను మొన దాన్ని దాటిందో లేదో చూపుడువేలి కొసకు తెలియాలి. చూడి పరీక్ష మరీ సున్నితం. రెండు నెలల చూలును వేళ్ల మధ్య పట్టి తేల్చాలి, గట్టిగా నొక్కకూడదు. వేళ్లకు స్పర్శ లేనివాడు ఆ పని చేస్తే గొడ్డుకు హాని చేసినవాడవుతాడు. అందుకే నేను పోరాడింది నొప్పి తగ్గించుకోవడానికి కాదు, స్పర్శ నిలుపుకోవడానికి. మాత్రలు వేసుకుని తిరుగుదామంటే అవి నొప్పిని కప్పిపెడతాయే గాని నరం మీద ఒత్తిడిని తియ్యవు. పైగా రోజూ మింగితే కడుపుకూ మూత్రపిండాలకూ చేటు.

డాక్టరు గారు రాత్రిపూట కట్టుకోవడానికి ఒక పట్టీ ఇచ్చారు. మణికట్టు ముడుచుకోకుండా తిన్నగా ఉంచుతుంది. మొదట్లో చిరాకనిపించింది గాని, నిద్ర పట్టింది దాంతోనే. తర్వాత మణికట్టులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, కొన్ని నెలలు బాగా పనిచేసింది. బొటనవేలి కింద అరచేతి కండ కరగడం మొదలైతే ఇక ఆగకుండా ఆపరేషన్‌కు రావాలనీ, అది చిన్నదేననీ చెప్పారు. ఆ కండను ఇప్పటికీ కుడి చేతి పక్కన పెట్టి పోల్చి చూసుకుంటుంటాను.

మణికట్టు ముడవకూడదన్న మాట విన్నాకే బండి వంక కొత్తగా చూశాను. నాది పాత స్ప్లెండర్. క్లచ్ లివరు పైకి లేచి ఉండేది. దాన్ని పట్టుకోవాలంటే మణికట్టు వెనక్కి విరుచుకోవాల్సి వచ్చేది. మెకానిక్ బోల్టు వదులు చేసి లివరును కిందికి తిప్పాడు. ఇప్పుడు మోచేతినుంచి వేళ్లదాకా ఒకే గీతలో ఉంటుంది. పైసా ఖర్చు లేదు, అన్నిటికంటే ఎక్కువ మేలు చేసిందీ అదే. తర్వాత కేబులు మార్పించాను. పాత కేబులు లోపల తీగలు ఒక్కొక్కటే తెగి, చిట్లిన కొసలు గొట్టానికి గీసుకుంటుంటే లివరు బిగుసుకుపోతుంది. రోజూ పట్టుకునేవాడికి అది తెలియదు, కొంచెం కొంచెంగా బిగుస్తుంది కదా. కొత్తది వేసి, ఎక్కడా మడత పడకుండా తిప్పి, నూనె వేశాక రెండు వేళ్లతో లాగగలిగాను. లివరు చివర ఒక సెంటీమీటరు పైచిలుకు ఆట ఉంచాలి. ఆట లేకపోతే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి, మరీ ఎక్కువైతే గేరు పడక చెయ్యి రెట్టింపు లాగాల్సి వస్తుంది.

హ్యాండిల్ అదురు రెండో సంగతి. టైర్లలో గాలి మరీ ఎక్కువైనా, హ్యాండిల్ కోన్ సెట్ అరిగినా, ఇంజను బోల్టులు వదులైనా ఆ అదురంతా అరచేతిలోకే వస్తుంది. మెత్తగా ఉంటుందని లావుపాటి స్పాంజి గ్రిప్పులు వేయించుకునేవాళ్లున్నారు. నా వేళ్లు పొట్టివి, లావు గ్రిప్పు వేస్తే లివరు అందలేదు. తీసేసి పాతవే వేసుకున్నాను. వీర్యం స్ట్రాలు ఉంచే నైట్రోజన్ కంటెయినర్‌ను ఒకప్పటి నాలాగే చాలామంది హ్యాండిల్‌కు తగిలిస్తారు. మూడు లీటర్ల కంటెయినరు నిండుగా ఉంటే ఆరు కిలోల దాకా తూగుతుంది. గతుకులో ఆ బరువంతా మణికట్టునే గుంజుతుంది. అందుకే నేను వెనక క్యారియరు మీద చెక్కపెట్టె కట్టించి, అందులో నిలువుగా నిలబెట్టాను. మూత బిగించకూడదు, లోపలి నైట్రోజన్ ఆవిరి ఎప్పుడూ బయటికి పోతుండాలి. పక్కకు ఒరగకుండా పెట్టె ఆపుతుంది, నా చేతికీ హాయి.

క్లచ్ లేని బండి కొనుక్కోరాదా అని అడుగుతారు. ఎడమ చేతికి క్లచ్ పని తీసేసిన బండి కొత్తదేమీ కాదు, 1958లోనే జపాన్‌లో హోండా సూపర్ కబ్ వచ్చింది. ఇక్కడ మా పల్లెల్లో ఆ ఉపకారం చేసింది టీవీఎస్ ఎక్సెల్. గేర్లు లేవు, క్లచ్ లేదు, కంటెయినరు పెట్టుకోవడానికి కాళ్ల మధ్య చోటు కూడా ఉంది. చెయ్యి బాగాలేని రోజున మా బావమరిది ఎక్సెల్ తీసుకుని దగ్గరి ఊళ్లు చూసుకుంటాను. దూరపు ఊళ్లకు, ఎత్తు దారులకు, రాత్రి ఆలస్యంగా తిరిగి రావాల్సిన చోటికి మోటారు సైకిలే. పూట దాటకముందే చేరాలి కదా.

గేదెల ఎద చలికాలంలోనే ఎక్కువ. అందులోనూ తెల్లవారుజామునే బయటపడుతుంది. అంటే చెయ్యి బాగా బిగుసుకుపోయే రోజుల్లోనే ఫోన్లు ఎక్కువ. వీర్యం స్ట్రాను కరిగించడానికి ఫ్లాస్కులో వేడినీళ్లు తీసుకెళ్తాం. ముప్పై ఏడు డిగ్రీల నీళ్లలో అరనిమిషం ఉంచాలి. చలి పొద్దుల్లో పని అయ్యాక మిగిలిన నీళ్లలో ఎడమ చేతి వేళ్లు ముంచి, పిడికిలి మూస్తూ తెరుస్తూ రెండు నిమిషాలు ఉంటాను. ఆ తర్వాతే బండి స్టార్టు చేస్తాను.

అన్నిటికంటే కష్టమైన మార్పు లోపలికి పెట్టే చెయ్యి మార్చుకోవడం. శిక్షణలో నాకు నేర్పింది ఎడమ చెయ్యి లోపలికి, కుడి చేతికి గన్ను. కుడి చెయ్యి లోపలికి పెట్టడం అలవాటు చేసుకోవాలని పట్టుబట్టాను. ముందు చూడి పరీక్షలు మాత్రమే కుడి చేత్తో చేశాను, వాటిలో గన్ను ఉండదు కాబట్టి. కుడి వేళ్లకు లోపలి పోలికలు తెలియడానికి ఒక సీజను పట్టింది. ఇప్పుడు రెండు చేతులూ మార్చి మార్చి వాడతాను. ఎడమ చెయ్యి క్లచ్‌కు మిగిలింది.

నడపాలా వద్దా అన్నది పొద్దున బండి దగ్గరే తేల్చుకుంటాను. నాలుగు వేళ్లతో క్లచ్ పూర్తిగా లాగి, అలాగే పట్టి ఉంచుతాను. పట్టు జారితే ఆ పూట బండెక్కను. "అబ్బాయిని పంపించు పెద్దమ్మా, నేను వెనక కూర్చుని వస్తా" అని చెబుతాను. ఒక్కరు కూడా కాదనలేదు. తిమ్మిరి చేత్తో నడిపి ఎవరి బిడ్డనో గుద్దే హక్కు నాకు లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ఒక మాట. రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చిన మొదటి వారమే డాక్టరుకు చూపించుకోండి. శిక్షణలో ఉన్నప్పుడే రెండు చేతులూ అలవాటు చేసుకోండి.

రైతులకు మరో మాట. మా మణికట్టును బండి కంటే ఎక్కువగా దెబ్బతీసేది కట్టని గొడ్డు. చెయ్యి లోపల ఉండగా అది పక్కకు తిరిగితే చెయ్యీ దానితోపాటే మెలిపడుతుంది. ఊరికొక బోను, అది లేకపోతే నాలుగు గుంజలు పాతి అడ్డకర్రలు కట్టిన చోటు చాలు. మేం వచ్చేసరికి గొడ్డును అందులో కట్టేసి ఉంచండి. పొద్దున ఎద కనపడగానే ఫోన్ చేయండి, చీకటి పడకముందే వస్తాం.