మణికట్టు మీద మూడు వేళ్ళు

మా అమ్మకు ఆపరేషనంటే భయం లేదు. ఆపరేషనయ్యాక వచ్చే వాంతులంటేనే భయం. గర్భసంచి తీసినప్పుడు రెండు రోజులు మంచినీళ్ళు కూడా ఇమడలేదు. వాంతి వచ్చినప్పుడల్లా కుట్లు తెగిపోతాయేమోనని పొట్ట గట్టిగా పట్టుకునేది. అందుకే పదేళ్ళ తర్వాత పిత్తాశయంలో రాళ్ళున్నాయి, తీసెయ్యాలి అని తెనాలి డాక్టరుగారు చెబితే, వేమూరు తిరిగొచ్చి 'కోత సంగతి సరేనే, ఆ వాంతులు మాత్రం నావల్ల కాదు' అని తేల్చేసింది. నెల రోజులు వాయిదా. నొప్పి వస్తే కాస్త వాము నమిలి పడుకోవడం.

అసలు అమ్మ బస్సెక్కితేనే వాంతి. తెనాలి వెళ్ళాలంటే రేపల్లె ప్యాసింజరు కోసం ఎంతసేపైనా కాచుకుంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఉందని చెప్పింది మత్తు డాక్టరు. ఆడవాళ్ళు కావడం, పొగ తాగకపోవడం, ప్రయాణంలోనో పాత ఆపరేషన్ తర్వాతో వాంతులై ఉండటం, నొప్పికి మార్ఫిన్ జాతి మందులు పడటం... ఈ నాలుగూ కలిస్తే, ముందుజాగ్రత్త లేనప్పుడు పదిమందిలో దాదాపు ఎనిమిదిమందికి వికారమో వాంతులో తప్పవట. 'చుట్ట తాగనందుకు కూడా శిక్షేనా?' అని అమ్మ నవ్వింది.

వాంతులు రాకుండా ముందే ఇంజక్షన్లు ఇస్తానన్నారాయన. నేను ఆక్యుపంక్చర్ మాట ఎత్తాను. అమ్మ హడలిపోయింది. 'సూదులు గుచ్చి, మత్తు లేకుండా కోస్తారటే?'

ఆ కథ 1971 నాటిది. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు చైనా పర్యటనలో అపెండిసైటిస్ వచ్చింది. పెకింగ్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. సూదులతోనే మత్తు ఇచ్చారని లోకమంతా చెప్పుకుంది. ఆయన రాసింది అది కాదు. కోతకు మామూలు మత్తు ఇంజక్షనే ఇచ్చారు. సూదులు పెట్టింది తర్వాత రెండో రాత్రి, కడుపు ఉబ్బరానికి. కుడి మోచేతికీ, మోకాళ్ళ కిందా గుచ్చితే గంటలో తేలికపడిందని రాశాడు.

మా డాక్టరుగారు చెప్పిందీ ఇంచుమించు అదే. 'మత్తు నా పనమ్మా. వాంతుల విషయంలో మాత్రం ఆ మణికట్టు బిందువును తీసిపారెయ్యలేం.' చైనావాళ్ళు దాన్ని నెయిగువాన్ అంటారు. అరచేయి పైకి పెట్టి, మణికట్టు మడత నుంచి మోచేతివైపు రోగి వేళ్ళే మూడు అడ్డంగా ఆనించాలి. అవి ముగిసినచోట, తాళ్ళలా తగిలే రెండింటి నడుమ ఉంటుంది. 1980లలో బెల్‌ఫాస్ట్‌లో జాన్ డండీ అనే మత్తు వైద్యుడు దీన్ని పరీక్షించాడు. 2015లో కాక్రేన్ సమీక్ష 59 పరీక్షలు, 7,667 మంది ఫలితాలు కలిపి చూసింది. ఉత్తుత్తి చికిత్స కంటే ఇది మేలని, వాంతుల మందులతో పోలిస్తే పెద్ద తేడా కనిపించలేదని తేల్చింది. ఆధారాలు మరీ గట్టివేం కావనీ చెప్పింది. నాకు ఈ చివరి మాటే నచ్చింది. అమ్ముకునేవాళ్ళు దీన్ని చెప్పరు కదా!

కేంద్ర ప్రభుత్వం 2019లో ఆక్యుపంక్చర్‌ను ప్రత్యేక వైద్య విధానంగా గుర్తించింది గానీ, మేం చేరిన ఆసుపత్రిలో అది తెలిసినవాళ్ళు లేరు. సూది గుచ్చాలంటే శిక్షణ ఉన్న చేయి కావాలి, కొత్త సూది కావాలి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. వేలితో నొక్కడానికి ఇవేవీ అక్కర్లేదు. డాక్టరుగారు సరేనన్నారు. ఇంజక్షన్లు మాత్రం మానలేదు, నేనూ మానమనలేదు.

అమ్మ గాజులు సబ్బు నురగతో తీశాం. ఎడమచేతికి సెలైన్ ఉంది కాబట్టి కుడిచేయి నాకు దొరికింది. ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చున్నవాళ్ళకు మామూలుగా సీసా వంక చూడటం తప్ప పనేం ఉంటుంది? ఆ రాత్రి నాకు పని దొరికింది. తెల్లవారుజామున ఒక్కసారి వాంతయింది, అంతే. ఇంజక్షన్ల గుణమో, నా వేలి గుణమో నేను తేల్చలేను.

పొద్దున డాక్టరుగారు తాగమన్నాక నాలుగు గుక్కలు పల్చటి మజ్జిగ తాగి, కాసేపు చూసి, సెలైన్ తీసిన ఎడమచేయి కూడా నా ఒళ్ళో పెట్టింది. 'ఊరికే కూర్చున్నావుగా, ఇదీ నొక్కవే.'