చిట్టి లోపలుంది

చిట్టిని ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్లి 40 నిమిషాలైంది. దాని మెడ బెల్టు నా చేతిలోనే ఉంది.

గర్భసంచికి చీము పట్టింది. పయోమెట్రా అంటారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని ఆడకుక్కలకి, ఎక్కువగా వయసు మళ్లాక, ఎదకొచ్చి వెళ్లిన కొన్ని వారాలకి వస్తుంది. గర్భసంచి, అండాశయాలు తీసేయడమే అసలు వైద్యం. వారం రోజులుగా గిన్నెల కొద్దీ నీళ్లు తాగేస్తుంటే ఎండలకేమో అనుకున్నాను. అది కూడా ఈ జబ్బు గుర్తేనని నిన్న డాక్టర్‌గారు చెప్పినప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు.

రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. పొద్దున పెరుగన్నం వేళకి వచ్చి ఖాళీ గిన్నె దగ్గర కూర్చుని నా మొహంలోకి చూసింది. ఎందుకు పెట్టట్లేదో దానికెలా చెప్పను? అమ్మ కూడా కాఫీ ముట్టలేదు. "నోరులేని జీవం పస్తుంటే నాకెలా దిగుతుందే" అంది.

మత్తు ఎక్కుతున్నా, నా గొంతు వినగానే తోకతో బల్లని రెండుసార్లు కొట్టింది. 9 ఏళ్లుగా గేటు దగ్గర వింటున్న చప్పుడే అది.

మీ ఇంట్లో ఆడకుక్క ఉంటే, ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ తాగుతుంటే, దయచేసి ఆ రోజే చూపించండి.

ఇప్పుడే తలుపు తీశారు. చిట్టి కాదు, ఎవరిదో పిల్లి. ఇక్కడే కూర్చునున్నాను.