అమ్మీ దమా, పత్తి కట్టె

ఈసారి ఊరికి పోయేసరికి అమ్మీ కిటికీ సందుల్లో పాత దుపట్టా కుక్కుతోంది. పక్క చేన్లో పత్తి కట్టె తగలబెడుతున్నారు. అమ్మీకి దమా. "ధువా ఆరా బేటా, దర్వాజా బంద్ కర్" అంది. అంతలోనే దగ్గు తెర.

ఎవర్ని తిట్టను? పోయినేడు మా కౌలు చేన్లో కట్టెకి అగ్గిపుల్ల గీసింది నేనే.

చిన్నప్పుడు ఆ కట్టెని మోపులు కట్టి ఇంటికి తెచ్చుకునేవాళ్లం. రంజాన్‌లో సహరీ వంట దాని మీదే. ఇప్పుడు గ్యాస్ వచ్చింది. కూలి పెట్టి పీకించి ఏం చేసుకోవాలి? చేన్లోనే ఉంచితే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. అందుకే అగ్గి.

నేను హైదరాబాద్‌లో వంటింటి అల్మారాలు చేస్తాను. రోజూ పార్టికల్ బోర్డు కోస్తాను. పత్తి కట్టెతోనూ ఆ బోర్డు అవుతుందని తెలిసిన రోజు దిల్‌లో ఏదో కలుక్కుమంది. ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఆ హునర్‌ని ఎప్పుడో తయారు చేసి పెట్టింది. కట్టెని చిన్న ముక్కలు చేసి, ఆరబెట్టి, జిగురు పట్టించి, పరుపులా పరిచి వేడి ప్రెస్సులో నొక్కుతారు. వరిగడ్డి మీద మైనం పొర, సిలికా ఉంటాయి, మామూలు జిగురు సరిగా పట్టదు. పత్తి కట్టెతో ఆ ముష్కిల్ తక్కువ, అది కలపలాంటిదే.

అమ్మీకి చెప్తే ఒకటే సవాల్: "లేజానే కౌన్ ఆతా బేటా?"

నా దగ్గర జవాబ్ లేదు. కట్టె బరువు తక్కువ, జాగా ఎక్కువ. ట్రాక్టర్ నిండినా తూకం రాదు. ఊర్లోనే ముక్కలు కొడితే తప్ప కిరాయి గిట్టదు. కట్టె వచ్చేది ఒక్క సీజన్, ఫ్యాక్టరీ నడవాల్సింది ఏడాదంతా. దాచాలంటే వాన, చెద, నిప్పు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. బోర్డు కోస్తుంటే నా కళ్లు మండుతాయి. అది ఫార్మాల్డిహైడ్ జిగురు ఘాటు. నాసిరకం బోర్డయితే అల్మారా అయ్యాక కూడా ఆ ఘాటు వదుల్తూనే ఉంటుంది. అమ్మీ దగ్గు ఆపి, ఇంకో ఇంటి బచ్చాకి కళ్లమంట ఇస్తే అది సవాబ్ ఎట్లా అవుతుంది? అందుకే గిరాకీలకు చెప్తుంటాను: ఘాటు తక్కువుండే ఈ-1 గ్రేడ్ అడగండి, అంచులన్నీ మూయించండి, సింకు కింద ఇది వద్దు, నీళ్లు తాగితే ఉబ్బుతుంది.

వుజూ నీళ్లలో కూడా ఇస్రాఫ్ చేయొద్దని అబ్బా కోప్పడేవాడు. చేనంత కట్టె కాల్చేటప్పుడు మాత్రం మాకెవరికీ ఆ మాట యాద్ రాలేదు.

ఈ ఏడు మేం కాల్చలేదు. నలుగురు రైతులం పైసలు వేసుకుని, ముక్కలు కొట్టే మిషన్ కిరాయికి తెచ్చి, కట్టెని చేన్లోనే మట్టిలో కలిపించాం. బోర్డు కోసం కొనేవాడు వచ్చేదాకా మట్టే తింటుంది.

తెల్లారి ఫజర్ తర్వాత పక్క చేను అన్న దగ్గరికి పోయి, మిషన్ వాడి నంబర్ ఇచ్చి వచ్చాను.