పేరు ఫొటోలోనే ఉండాలి

గత భాగంలో మా పల్లె ఫొటోల గురించి రాశాను. "ఆ స్కాన్లన్నీ ఇప్పుడెక్కడున్నాయి సార్?" అని చాలామంది మిత్రులు అడిగారు. ఉన్నాయి. కానీ వాటిని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేటప్పుడు నేనొక తప్పు చేశాను. ముందు అది చెప్పాలి. మీరూ చేసే అవకాశం ఉంది కాబట్టి.

పీహెచ్‌డీ రోజుల్లో, 2012లో, పాత స్కానర్ ఒకటి కొని పల్లెలో ఇంటింటికీ తిరిగాను. మన ఇళ్లల్లో ఫొటోలెన్ని ఉంటాయి? పెళ్లిది ఒకటి, హాస్టల్ పిల్లలది ఒకటి, దండేసిన పెద్దవాళ్లది ఒకటి. అన్నీ కలిపితే ఆరు వందల చిల్లర తేలాయి. లాప్‌టాప్‌లో పికాసాలో పెట్టుకున్నాను. సాయంత్రాలు నాన్న పక్కన కూచునేవాడు. నేను ముఖం చుట్టూ గడి గీస్తే ఆయన పేరు చెప్పేవాడు.

"ఈయనెవరు నాన్నా?"

"మా పెదనాన్నరా. పేరు పూర్తిగా రాయి."

పూర్తిగా అని ఎందుకు పట్టుబట్టేవాడో మీకు చెప్పక్కర్లేదు. మన పేర్ల చివరి 'అయ్య', 'అమ్మ' ఊళ్లోకి అడుగుపెట్టేసరికి రాలిపోయేవి. వాటి చోట 'గాడు' వచ్చి అతుక్కునేది. నాన్న ఒక్కో పేరుకీ రాలిపోయిన ముక్కని తిరిగి పెట్టించాడు.

నాయనమ్మకి విడిగా ఫొటో లేదు. ఉన్నది ఒక్కటే, అదీ కామందు ఇంటి పెళ్లి ఫొటోలో. ఆ ఇంటి మనవడు నాతో చదువుకున్నాడు, ఆల్బమ్ ఇచ్చాడు. పందిట్లో పెళ్లికొడుకు, పెళ్లికూతురు, చుట్టాలు. ఎడమ అంచున, పందిరి గుంజ అవతల, గంప పట్టుకుని ఒకామె. "ఇదిగోరా, మా యమ్మ" అన్నాడు నాన్న. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. నేను ఆ అంచు ఉంచి మిగతాదంతా కత్తిరించాను. కామందు పెళ్లి పోయింది, నాయనమ్మ మిగిలింది. ప్రింటు తీసి అంబేడ్కర్ పటం పక్కన తగిలించాం.

పికాసాని గూగుల్ 2016లో ఆపేసింది. నా లాప్‌టాప్‌లో పనిచేస్తూనే ఉంది కాబట్టి నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత నాన్న పోయాడు. లాప్‌టాప్ కూడా మొరాయించసాగింది. కొత్తది కొని, డిజికామ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను. పాతదాంట్లో జేపెగ్ ఫైళ్లన్నీ వెతికి, ఎంచుకుని, కాపీ చేశాను. లెక్క చూసుకున్నాను. ఒక్క ఫొటో తగ్గలేదు. నిశ్చింతగా పడుకున్నాను.

తెల్లారి తెరిస్తే ఫొటోలున్నాయి, మనుషులకి పేర్లు లేవు. నాయనమ్మ ఉండాల్సిన చోట కామందు ఇంటి పెళ్లి మళ్లీ నిండుగా కొలువుతీరి ఉంది.

జరిగింది ఇదీ. పికాసాలో ఫొటో కింద రాసిన వ్యాఖ్య జేపెగ్ ఫైలు లోపలే చేరుతుంది. అందుకే వ్యాఖ్యలు వచ్చాయి. ముఖానికి పెట్టిన పేరు అలా కాదు. అది ఆ ఫోల్డర్లోనే కంటికి కనపడకుండా ఉండే 'పికాసా ఐఎన్ఐ' అనే ఫైల్లోనూ, ఆ సాఫ్ట్‌వేర్ సొంత డేటాబేస్‌లోనూ ఉంటుంది. కత్తిరింపూ అంతే. మనం సేవ్ కొట్టేదాకా అసలు ఫైలు చెక్కుచెదరదు, ఎంత మేర చూపించాలో ఆ దాచిన ఫైల్లో రాసుకుంటుంది. పేర్లను ఫొటోలోనే రాసే ఆప్షన్ 3.9 వెర్షన్‌లో ఉంది. నేను టిక్కు పెట్టలేదు. జేపెగ్‌లు మాత్రమే కాపీ చేశాను. తప్పు నాదే.

నాయనమ్మ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేదట. మనిషి ఎక్కడికి పోతే అదీ అక్కడికే. ఫొటోకి పేరు అలా ఉండాలి. నేను చేసింది పద్దు పుస్తకం పని. మన పేరు, మన పనిదినాలు, మన బాకీ అన్నీ అందులో ఉండేవి. పుస్తకం మాత్రం కామందు బీరువాలో ఉండేది. 1984లో కరణాల పదవులు రద్దయినప్పుడు దస్త్రాలు చేతికి రావడానికి ఎన్ని తిప్పలు పడ్డారో మా పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. మన పేర్లు ఎవరి పుస్తకాల్లో ఎలా ఉన్నాయో నేను క్లాసులో గంటల తరబడి చెబుతాను. సొంత నాయనమ్మ పేరు ఎక్కడ రాసి ఉందో మాత్రం చూసుకోలేదు.

పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్ ఊడదీయించి, పైన కేస్ వేయించి, దాచిన ఫైళ్లు కనపడేలా పెట్టి వెతికాను. ఐఎన్ఐ ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకున్నాయి. అంకెలూ అక్షరాలూ కలిసిన పొడవాటి కోడ్, పక్కన పేరు. నాన్న చెప్పినట్టే, పూర్తిగా. ఏ కోడ్ ఏ ఫొటోదో చూసుకుంటూ మళ్లీ ఎక్కించడానికి నాలుగు ఆదివారాలు పట్టింది. రెండు ఫోల్డర్లు అసలు తెరుచుకోలేదు. వాటిలో 27 ముఖాలు.

లాప్‌టాప్ తీసుకుని ఊళ్లో మేనత్త దగ్గరికి వెళ్లాను. 22 మందిని గుర్తుపట్టింది. మిగతా ఐదుగురి దగ్గర ఆగి, "మీ నాన్న ఉంటే చెప్పేవాడయ్యా" అంది. ఆ ఐదు పేర్లూ ఇక రావు.

పెళ్లి ఫొటో కూడా మళ్లీ కత్తిరించబోతూ, ముందు మొత్తం ఆమెకి చూపించాను. అత్త గంప మీద వేలు పెట్టింది. "అవి ఎంగిలాకులు. అయ్యన్నీ ఎత్తిపోసి వచ్చాకే అమ్మకి దొడ్డివైపు ఇంత అన్నం పెట్టారు. నేనూ ఆడనే ఉన్నా" అంది.

నేను కత్తిరించినప్పుడు గుంజ పోయింది, పందిరి పోయింది, గంప సగం తెగింది. నాయనమ్మ తన ఫొటో తాను దిగినట్టుంది. గోడ మీదికి అదే కావాలి, ఉంటుంది. కానీ ఆమె ఎక్కడ నిలబడిందో, ఎవరు ఎక్కడ కూచున్నారో చెప్పేది మొత్తం ఫొటోయే. అందుకని రెండూ ఉంచాను. కత్తిరించింది వేరే ఫైలుగా సేవ్ చేశాను. మొత్తం ఫొటోలో ఆమె ముఖం చుట్టూ గడి గీసి, పేరు ఫైలు లోపలే రాశాను. అత్త చెప్పిన మాటలు వ్యాఖ్యగా చేర్చాను.

మీరు ఫొటోలు మారుస్తుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. ఫొటోల్ని ఏరి కాపీ చేయకండి, దాచిన ఫైళ్లతో సహా ఫోల్డర్ మొత్తం తీసుకోండి. డిజికామ్ కూడా పేర్లను తన డేటాబేస్‌లో పెట్టుకుంటుంది. సెట్టింగ్స్‌లో మెటాడేటా దగ్గర, ట్యాగులూ ముఖాల గుర్తులూ ఫైల్లో కూడా రాయమని టిక్కు ఉందో లేదో చూడండి. గూగుల్ ఫొటోస్ నుంచి టేకౌట్ ద్వారా దించుకుంటే జేసన్ అనే చిన్న ఫైళ్లు వస్తాయి. మీరు రాసిన వివరణ, సరిచేసిన తేదీ వాటిలో ఉంటాయి, చెత్త అనుకుని తుడిచేయకండి. స్కాన్ చేసిన రోజే ఫొటో తేదీగా పడుతుంది, దాన్ని సరిచేయండి. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోగా పంపితే లోపలి రాతలు పోతాయి. అన్నిటికంటే ముందు పది ఫొటోలు మార్చి, ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, పేర్లు కనపడ్డాయో లేదో చూశాకే పాతది వదలండి.

పండక్కి ఊరెళ్తారు కదా. ఫోనులో అయినా సరే, ఇంట్లో పెద్దవాళ్ల పక్కన ఒక గంట కూచోండి. ఒక్కో ముఖం చూపించి అడగండి. పేరు పూర్తిగా రాయండి.

జై భీమ్.