ముందు కొస చూడు

కారు నడిపేవారందరికీ పరిచయమైన దీపం ఒకటుంది. తాళం తిప్పగానే ‘ఏబీఎస్’ అన్న అక్షరాలతో పసుపుపచ్చగా వెలిగి, రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది. ఆరకుండా నిలిచిందంటే లోపల ఏదో లోపం ఉన్నట్టే. “బ్రేకు పడుతూనే ఉందిగా, ఏం ఫరవాలేదులే” అని నెలల తరబడి అలాగే తిరిగేవాళ్ళు మన కుటుంబాల్లోనూ ఉన్నారు. వాళ్ళను ఉద్దేశించే ఈ నాలుగు మాటలు.

నేను కోయంబత్తూరులో ఒక మిల్లులో ముప్ఫై ఏళ్ళు ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దుపోక మా అక్క కొడుకు వర్క్‌షాపుకు వెళ్ళి కూర్చుంటాను. మా ఊరి తెలుగువాళ్ళకీ మోటారు బండ్లకీ పాత చుట్టరికం. జి.డి.నాయుడుగారు 1920లో పొళ్ళాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో వ్యాపారం మొదలుపెట్టారు. రేసు కార్లు తయారు చేసిన కరివర్ధన్ పేరు మీద చెట్టిపాళయంలో రేసు ట్రాక్ ఉంది. అందుచేత మా షెడ్డుకు అప్పుడప్పుడూ స్పోర్ట్స్ కారు వచ్చినా ఎవరూ వింతగా చూడరు.

నిరుడు వానాకాలంలో అలాంటిదే ఒకటి వచ్చింది. రెండు సీట్ల విదేశీ కారు, పాతదే కానీ ముచ్చటగా ఉంచుకున్నారు. ఏబీఎస్ దీపం ఒకరోజు వెలుగుతుంది, ఒకరోజు వెలగదు. ఒకచోట చూపిస్తే కంట్రోల్ మాడ్యూల్ పోయింది, కొత్తదానికి మూడు లక్షలు దాటుతుందన్నారట. ఇంకొకచోట, “దీపం తీసేస్తాం, రెండు వందలివ్వండి” అన్నారట. కారుగల అబ్బాయి ఆ ఆదివారం భార్యతో కోత్తగిరికి వెళ్ళాలి. రెండు వందల మార్గమే బాగుందనుకుంటున్నాడు.

“మామా, నువ్వేమంటావు?” అని మా మేనల్లుడు నావైపు తిరిగాడు.

“దీపం తీసి కొండ ఎక్కిస్తే పాపం మనకూ చుట్టుకుంటుంది. ముందు కనెక్టర్ విప్పి చూద్దాం” అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే ఈ ఏబీఎస్ చేసే పని తెలియాలి. 1978లో బాష్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఏబీఎస్ మొదట మెర్సిడెస్ కార్లలో వచ్చింది. చక్రం చక్రం దగ్గరా వేగం కనిపెట్టే సెన్సార్ ఉంటుంది. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు ఏదైనా చక్రం తిరగడం మాని జారబోతే, మాడ్యూల్ ఆ సంగతి పసిగట్టి, సెకనుకు ఎన్నోసార్లు ఆ చక్రానికి వెళ్ళే బ్రేకు ఒత్తిడిని వదులుతూ, బిగిస్తూ ఉంటుంది. చక్రం తిరుగుతూ ఉన్నంతసేపే స్టీరింగు మన మాట వింటుంది. ఏబీఎస్ పనిచేయకపోయినా మామూలు బ్రేకు ఉంటుంది, నిజమే. కానీ తడిసిన కొండదారిలో, మలుపు మధ్యలో చక్రాలు బిగుసుకుంటే బండి మలుపు తిరగదు, తిన్నగా పోతుంది. తిన్నగా పోతే అక్కడ ఉండేది లోయ. పసుపు దీపంతో పాటు ఎర్రటి బ్రేకు దీపం కూడా వెలిగితే బండిని అసలు కదిలించకూడదు.

మా నాయన మోటార్లకు వైండింగ్ చుట్టేవాడు. కాలిపోయిందని మోటారు ఎవరు తెచ్చినా, “ముందు కొస చూడు, మోటారు సంగతి తర్వాత” అనేవాడు. వైరు కొస అతుక్కునే చోటే ఎక్కువ జబ్బులు పుడతాయని ఆయన అనుభవం. మాడ్యూల్ పెట్టె మూసి ఉంటుంది. వాన, దుమ్ము, వేడి, అదురు, అన్నీ ముందు తగిలేది కనెక్టర్‌కే.

పని ఇలా చేశాం. ఇగ్నిషన్ ఆపి, తాళం తీసి, బ్యాటరీ నెగటివ్ విప్పి కొన్ని నిమిషాలు ఆగాం. కనెక్టర్ చుట్టూ ఉన్న మట్టిని గాలితో ఊదాం, లేకపోతే విప్పగానే లోపల పడుతుంది. ఈ కనెక్టర్‌కు ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే కనెక్టర్ తనంతట తానే పైకి లేస్తుంది. వైర్లు పట్టుకుని లాగకూడదు. బ్రేకు పైపులు ముట్టుకోలేదు కాబట్టి గాలి తీసే పని రాలేదు.

విప్పి చూస్తే ఒక లావు పిన్ను మీద పచ్చగా చిలుము. బానెట్ కింద నీళ్ళు పోయే కన్నం ఆకులతో పూడిపోయి, నిలిచిన నీళ్ళు వైర్ల వెంట కనెక్టర్ దాకా పాకాయి. అది ఎర్త్ పిన్ను.

ఇక్కడే చాలామంది మోసపోతారు. మల్టీమీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చక్కగా చూపించింది. మీటరు లాగే కరెంటు లేశమే, కనుక సగం తెగిన దారిలో కూడా వోల్టేజి కనిపిస్తుంది. అదే రెండు వైర్ల మధ్య 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు పెట్టాం. అది మినుకుమినుకుమంది, మీటరు ఎనిమిదికి దిగింది. పంపు మోటారుకు దీనికంటే ఎన్నో రెట్లు కరెంటు కావాలి. పాపం మాడ్యూల్ ఏం చేస్తుంది? తిండి లేనివాడు పనికి లేవలేదంటే బద్ధకమంటామా?

పాడైన టెర్మినల్ తీసి కొత్తది నొక్కించాం. తక్కిన పిన్నులను కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగాం, ఉప్పుకాగితం తగలనివ్వలేదు. పూత పోతే మళ్ళీ చిలుము పడుతుంది. రబ్బరు సీలు మార్చి, నీళ్ళ కన్నం శుభ్రం చేశాం. ఈసారి బల్బు భగ్గున వెలిగింది. కనెక్టర్ బిగించి, స్కానర్‌తో పాత కోడ్లు చెరిపి, ఖాళీ మైదానంలో కంకర మీద గట్టిగా బ్రేకు వేయించాం. పెడల్ కాలి కింద టకటకలాడింది, బండి వంకర పోకుండా ఆగింది.

మొత్తం ఖర్చు మూడు వేలు కూడా కాలేదు. అయినా ఆ అబ్బాయిని ఆ ఆదివారం కొండకు వెళ్ళవద్దన్నాను. వారం రోజులు ఊళ్ళోనే, వానలో తిప్పి, దీపం మళ్ళీ రాలేదని తేలాక వెళ్ళమన్నాను. అతను కాస్త ముఖం ముడుచుకున్నాడు. అతని భార్య మాత్రం, “అంకుల్ చెప్పినట్టే చేద్దాం” అంది.

ఇది స్పోర్ట్స్ కార్ల గొడవ మాత్రమే అనుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. బ్రేకు పని తెలియనివాళ్ళు సొంతంగా విప్పవద్దు. కానీ “మాడ్యూల్ పోయింది” అని ఎవరైనా అంటే రెండే ప్రశ్నలు అడగండి: “కనెక్టర్ విప్పి చూశారా? లోడు పెట్టి కొలిచారా?” రెండింటికీ అవునన్న తర్వాతే డబ్బు తీయండి. దీపం తీసేస్తామంటే మాత్రం బండి వెనక్కి తెచ్చుకోండి. మీ ఇంటివాళ్ళు ఎక్కే బండి అది.